ఒకే ప్రాసెస్, రెండు నంబర్లు

లినక్స్ కెర్నెల్ సోర్సులో 'పిడ్.సి' అని ఒక ఫైలుంది. కంప్యూటర్లో నడిచే ప్రతి ప్రాసెస్‌కూ ఒక నంబరు కేటాయించడం దాని పని. తెరిస్తే, కోడ్ మొదలుకాకముందే చిన్న వ్యాఖ్య ఒకటి కనిపిస్తుంది. పిడ్ నేమ్‌స్పేస్‌ల (ఒక్కో ప్రాసెస్‌ల గుంపుకు సొంత నంబర్ల వరస ఇచ్చే ఏర్పాటు) పని 2007లో చేసినవాళ్ళంటూ అందులో రెండు పేర్లున్నాయి. ఒకటి, లినక్స్ కంటైనర్ల ప్రాజెక్టు ఓపెన్‌వీజెడ్‌కు చెందిన పావెల్ ఎమెల్యానోవ్. రెండోది ఐబీఎంకు చెందిన సుకదేవ్ భట్టిప్రోలు. వ్యాఖ్యలు చూసి సాయపడినందుకు ఒలెగ్ నెస్తెరోవ్‌కు కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నారు. భట్టిప్రోలు స్తూపం గురించి బడిలో చదువుకున్న మనలాంటివాళ్ళకు ఆ రెండో పేరు దగ్గర చూపు ఆగకుండా ఉండదు.

ప్రోగ్రాములను కంటైనర్లనే విడి అరల్లో నడిపే డాకర్ వాడేవాళ్ళు రోజూ 'డాకర్ టాప్' అని కొట్టి కంటైనర్ లోపల ఏమేం నడుస్తున్నాయో చూస్తుంటారు. ఎంటర్ నొక్కగానే నాలుగు వరసలు వచ్చేస్తాయి. ఆ నాలుగు వరసలు రావడానికి పట్టిన కాలం సుమారు నలభై ఏళ్ళు. అందులో కొంత పని మా హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో, బెంగళూరులోనే జరిగింది.

హోసూరు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. తమిళనాడు చివర, కర్ణాటక సరిహద్దు మీద ఉన్న ఊరు. 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలో ఉంది, అంతకుముందు ధర్మపురి. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ అన్నీ ఇక్కడే. యంత్రాల పని తెలిసిన ఊరు కాబట్టి, పక్కన సాఫ్ట్‌వేర్ పెరిగాక పిల్లలు అటూ వెళ్ళారు. తెల్లారేసరికి అత్తిబెలె దాటి ఎలక్ట్రానిక్ సిటీ వైపు పోయే బండ్లలో సగం మంది మావాళ్ళే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బస్సు దిగితే కన్నడం. రాత్రి ఏ సర్వరో మొరాయిస్తే ఇంటి నుంచే లాప్‌టాప్ తెరిచి, అందరూ కొట్టేది మాత్రం ఒకే కమాండు.

ఆ 'డాకర్ టాప్' తాత పేరు 'పీఎస్'. యూనిక్స్ మూడో ఎడిషన్ నాటికే, అంటే 1973కే ఉంది. అప్పట్లో అది పనిచేసిన తీరు వింటే ఈ కాలంవాళ్ళు ఉలిక్కిపడతారు. ఏవేవి నడుస్తున్నాయో చెప్పమని కెర్నెల్‌ను అడిగే పద్ధతే లేదు. పీఎస్ నేరుగా మెమరీని ఒక ఫైలులా తెరిచేది. కెర్నెల్ తన ప్రాసెస్ పట్టికను ఎక్కడ పెట్టుకుందో చిరునామా కనుక్కుని, అక్కడి బైట్లను తానే చదివి తానే అర్థం చెప్పుకునేది. పట్టిక అమరిక కాస్త మారిందంటే చెత్త లెక్కలు చూపేది. కెర్నెల్ మారినప్పుడు దాన్నీ మళ్ళీ కంపైల్ చేసుకోవాల్సిందే. పైగా మెమరీ మొత్తం చదివే అధికారం ఉన్న ప్రోగ్రాముకు పక్కవాడు అప్పుడే కొట్టిన పాస్‌వర్డు కూడా అందుబాటులో ఉన్నట్టే. అందుకే ఆ అధికారాన్ని అందరికీ ఇవ్వకుండా పీఎస్‌కు మాత్రం విడిగా కట్టబెట్టేవారు.

దీనికి మందు బెల్ ల్యాబ్స్‌లో దొరికింది. ప్రాసెస్‌లను ఫైళ్ళుగా చూపిస్తే సరిపోతుందని టామ్ కిలియన్ 1984లో యూసెనిక్స్ సభలో పత్రం చదివారు. యూనిక్స్ ఎనిమిదో ఎడిషన్‌లో అది 'ప్రాక్' అనే డైరెక్టరీగా వచ్చింది. నడిచే ప్రతి ప్రాసెస్‌కూ దాని నంబరే పేరుగా ఒక ఫైలు. డిస్కు మీద అలాంటి ఫైలేమీ ఉండదు, అడిగినప్పుడు కెర్నెల్ అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తుంది. తర్వాత అదే ల్యాబ్‌లో పుట్టిన ప్లాన్ 9 ఒక అడుగు ముందుకేసి, ఒక్కో ప్రాసెస్‌ను ఒక్కో డైరెక్టరీ చేసి, లోపల మామూలు అక్షరాల్లో చదువుకోగల ఫైళ్ళు పెట్టింది. లినక్స్ తొంభైల మొదట్లోనే ఈ దారి పట్టింది. అప్పటి నుంచి లినక్స్‌లో పీఎస్ పని చాలా తేలికైపోయింది. 'ప్రాక్'లోకి వెళ్ళి, పేర్లు అంకెలుగా ఉన్న డైరెక్టరీలన్నీ ఏరుకుని, ఒక్కోదానిలో రెండు మూడు ఫైళ్ళు చదివి, వరసగా అచ్చువేయడమే.

ఈ వివరం దగ్గర కాస్త ఆగాలి, తర్వాతి కథంతా దీని మీదే నిలబడింది. పీఎస్‌కు సొంతంగా ఏమీ తెలియదు. 'ప్రాక్' ఏది చూపితే అదే దాని ప్రపంచం. అంటే 'ప్రాక్' చూపేదాన్ని మార్చగలిగితే, పీఎస్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకుండానే దానికి కనపడే లోకాన్ని మార్చేయొచ్చు.

ఇక ప్రాసెస్‌లను ఒకదాని నుంచి ఒకటి విడదీయడం అనే కథ వేరుగా నడుస్తోంది. 1979 ప్రాంతంలో యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో 'సీహెచ్‌రూట్' వచ్చింది. ఒక ప్రోగ్రాముకు ఫైళ్ళ చెట్టులో ఒక కొమ్మే మొత్తం చెట్టని నమ్మించడం దాని పని. ఫైళ్ళ వరకు సరే, ప్రాసెస్‌లు మాత్రం అన్నీ ఒకరికొకరికి కనపడుతూనే ఉండేవి. 2000 మార్చిలో ఫ్రీబీఎస్‌డీ 4.0తో పాల్ హెనింగ్ క్యాంప్ 'జైల్' తెచ్చారు. జైల్లోని ప్రాసెస్‌కు జైలు బయటి ప్రాసెస్‌లు కనపడవు. కానీ నంబర్లు మాత్రం మారవు. బయట 4312 అయితే లోపలా 4312. దాచడమే కావలిస్తే అది చాలు. నిజానికి సులువు కూడా.

లినక్స్ ఆ సులువుతో ఎందుకు సరిపెట్టుకోలేదంటే, అక్కడ ఈ పనిని ముందుకు నెట్టినవాళ్ళ అవసరం వేరు. ఐబీఎం 2005లో మెయోసిస్ అనే కంపెనీని కొనుక్కుంది. నడుస్తున్న పనిని ఉన్నపళంగా ఆపి, దాని స్థితినంతా భద్రం చేసి, ఇంకో యంత్రం మీద అక్కడి నుంచే మళ్ళీ నడిపించడం ఆ కంపెనీ విద్య. ఓపెన్‌వీజెడ్ వాళ్ళూ అదే దారిలో ఉన్నారు. గంటల తరబడి నడిచే లెక్కను మధ్యలో వేరే యంత్రానికి మార్చాలంటే ఒక చిక్కుంది. ఆ పనిలోని ప్రాసెస్‌లు ఒకదాని నంబరు ఒకటి గుర్తుపెట్టుకుని ఉంటాయి. ఇక్కడ 500 నంబరుతో ఉన్న ప్రాసెస్‌ను అక్కడికి తీసుకుపోతే, అక్కడ 500 ఎవరో అప్పటికే వాడుకుంటూ ఉంటారు. కొత్త నంబరిస్తే మిగతావి దాన్ని పోల్చుకోలేవు. కాబట్టి ప్రతి గుంపుకూ తనదంటూ ఒకటో నంబరు నుంచి మొదలయ్యే సొంత వరస కావాలి. ఇవాళ కంటైనర్లో ఒకటో నంబరు కనపడటానికి అసలు కారణం ఇది. డాకర్ అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు.

ఎలా చేయాలన్నదాని మీద 2006లో గట్టి వాదనే జరిగింది. లోపల చూపడానికి ఒక ఉత్తుత్తి నంబరు, కెర్నెల్‌కు ఒక అసలు నంబరు పెట్టి, దారిలో మార్చుకుందామన్నది ఓపెన్‌వీజెడ్ వాళ్ళ మొదటి ప్రతిపాదన. కెర్నెల్ డెవలపర్ ఎరిక్ బీడర్‌మన్ వాదన వేరు. నంబరనేదే అసలు విషయం కాదు, కెర్నెల్ లోపల ప్రాసెస్‌ను నంబరుతో కాక ఒక వస్తువుగా పట్టుకోవాలి, నంబరు అనేది చూసేవాడిని బట్టి మారే చీటీ మాత్రమే అని. చివరికి నిలిచింది ఈ ఆలోచనే. కాకపోతే దాని కోసం కెర్నెల్ అంతటా చెదిరి ఉన్న పాత అలవాట్లను ఏరివేయాలి. ఆ ఏరివేతలో సుకదేవ్ భట్టిప్రోలు పేరు మాటిమాటికీ కనపడుతుంది.

ఒక ఉదాహరణ. కెర్నెల్ కోడ్‌లో చాలాచోట్ల 'దీని నంబరు ఒకటా?' అని నేరుగా అడిగే వరసలుండేవి. యూనిక్స్ సంప్రదాయంలో ఒకటో నంబరు అన్నిటికంటే ముందు మొదలయ్యే ఇనిట్ అనే ప్రాసెస్‌ది. దానికి కొన్ని హక్కులు, కొన్ని బాధ్యతలు. దాన్ని ఎవరూ చంపకూడదు. తల్లి పోయిన ప్రాసెస్‌లను అది చేరదీసుకోవాలి. యంత్రంలో ఒకటో నంబరు ఒక్కటే ఉన్నన్నాళ్ళు ఆ ప్రశ్న సరిపోయింది. రేపు వందమంది ఒకటో నంబర్లుంటే? బీడర్‌మన్ మొదలుపెట్టిన చిన్న మార్పును సుకదేవ్ సరిచేసి, మరికొన్ని చోట్లకు విస్తరించి 2006లో పంపారు. నేరుగా అంకెతో పోల్చడం తీసేసి, ఆ చోట్లన్నీ ఒక ఫంక్షన్‌ను పిలిచేలా మార్చడమే ఆ పని. పైకి దానివల్ల ఏమీ మారలేదు, కంప్యూటర్ మునుపటిలాగే నడిచింది. మరుసటి ఏడాది ఆ ఒక్క ప్రశ్న రెండుగా చీలింది. యంత్రం మొత్తానికి ఇనిట్టా, లేక ఒక కంటైనర్‌కు ఇనిట్టా? ఇలాంటి మార్పుల గురించి ఎవరూ సభల్లో మాట్లాడరు. కానీ వందల చోట్ల ఈ చిల్లర పని జరగకపోతే పెద్దది నిలిచేది కాదు.

2008 జనవరిలో విడుదలైన కెర్నెల్ 2.6.24లో పిడ్ నేమ్‌స్పేస్‌లు వచ్చాయి. లోపలి అమరిక ఇది. ప్రతి ప్రాసెస్‌కూ కెర్నెల్‌లో ఒక పిడ్ వస్తువు. అందులో అది ఎన్నో మెట్టులో పుట్టిందో ఒక అంకె, దాని వెంట నంబర్ల పట్టిక. రెండో మెట్టులో పుట్టిన ప్రాసెస్‌కు మూడు నంబర్లు ఉంటాయి. తన చోట ఒకటి, దానిపైన ఒకటి, అన్నిటికీ పైన అసలు యంత్రంలో ఒకటి. మా ఊరి సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఏదో కంపెనీలో పనిచేసే మనిషికి లోపల టోకెన్ నంబరొకటి, ఊళ్ళో ఓటర్ల జాబితాలో వరస నంబరొకటి ఉన్నట్టు. మనిషి ఒక్కడే, అడిగే చోటును బట్టి నంబరు మారుతుంది.

నా మటుకు ఈ కథలో అసలు ఆవిష్కరణ దాచడం కాదు. ఒకవైపు నుంచే దాచడం. కంటైనర్ లోపలి నుంచి చూస్తే బయటి ప్రాసెస్‌లు లేనట్టే. బయటి నుంచి చూస్తే లోపలివన్నీ మామూలు ప్రాసెస్‌లే, మిగతావాటి మధ్య కలిసి కనపడుతూనే ఉంటాయి. వర్చువల్ మెషీన్‌తో ఇది కుదరదు. హోస్ట్ మీద పీఎస్ కొడితే మెషీన్ మొత్తం ఒకే ఒక ప్రాసెస్‌గా కనపడుతుంది, దాని లోపల ఏం జరుగుతోందో తెలియదు. కంటైనర్‌కు అలాంటి మూత లేదు. 'కంటైనర్' అనే వస్తువే కెర్నెల్‌లో లేదు, ఉన్నవి ప్రాసెస్‌లూ, అవి ఏం చూడగలవన్న హద్దులూ. ఈ సంగతి తెలియక కంటైనర్‌ను చిన్న వర్చువల్ మెషీన్ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఇంటర్వ్యూల్లో రోజూ కనపడతారు.

హద్దు ఎక్కడుందో మన కళ్ళతోనే చూడొచ్చు. 'అన్‌షేర్' అనే కమాండుతో డాకర్ లేకుండానే కొత్త పిడ్ నేమ్‌స్పేస్ తెరవొచ్చు. అందులోకి వెళ్ళి షెల్‌ను నీ నంబరెంత అని అడిగితే ఒకటి అంటుంది. వెంటనే పీఎస్ కొడితే మాత్రం హోస్ట్‌లోని వందలాది ప్రాసెస్‌లన్నీ వరసగా వచ్చేస్తాయి. కొత్తవాళ్ళు ఇక్కడ తికమకపడతారు. నేమ్‌స్పేస్ మారింది, 'ప్రాక్' మారలేదు. ఆ డైరెక్టరీని ఏ నేమ్‌స్పేస్‌లో మౌంట్ చేస్తే అది ఆ నేమ్‌స్పేస్ లెక్కనే చూపిస్తుంది. కొత్తగా మళ్ళీ మౌంట్ చేసి పీఎస్ కొట్టండి, రెండే వరసలు వస్తాయి. షెల్ ఒకటి, పీఎస్ ఒకటి.

2009లో ఇంకో ముఖ్యమైన ముక్క పడింది. ఇదీ సుకదేవ్ భట్టిప్రోలు పంపినదే. అది లేకపోతే మనకొక చిరాకు తప్పేది, కానీ దానికంటే పెద్ద ఇబ్బంది వచ్చేది. కంటైనర్ ఇనిట్‌ను లోపలివాళ్ళు చంపగలగకూడదు. ఎందుకంటే అది పోతే ఆ నేమ్‌స్పేస్‌లోని ప్రాసెస్‌లన్నిటినీ కెర్నెల్ చంపేస్తుంది. కానీ బయటి అడ్మిన్ చేతిలో మాత్రం దాన్ని చంపే మార్గం ఉండాలి. కాబట్టి నియమం ఇలా పెట్టారు. ఇనిట్ తనంతట తాను ఒక సిగ్నల్‌కు స్పందన రాసుకోకపోతే, ఆ సిగ్నల్ దానికి చేరదు. పైమెట్టు నుంచి వచ్చే కిల్, స్టాప్ సిగ్నళ్ళకు మాత్రం తిరుగులేదు.

ఇందాక అన్న చిరాకు ఇదే. 'డాకర్ స్టాప్' కొట్టాక కంటైనర్ పది సెకన్లు కదలకుండా ఉండి, తర్వాత ఠపీమని పోవడం వాడినవాళ్ళందరికీ అనుభవమే. డాకర్ ముందు మర్యాదగా టెర్మ్ సిగ్నల్ పంపుతుంది. లోపల ఒకటో నంబరుగా ఉన్న మన ప్రోగ్రాము దానికి స్పందన రాసుకోలేదు. మామూలు నంబరుతో ఉంటే చచ్చేదే, ఒకటో నంబరు కాబట్టి సిగ్నల్ దాన్ని తాకదు. పది సెకన్లు చూసి డాకర్ కిల్ పంపుతుంది. డేటాబేస్‌కు రాస్తున్న పని మధ్యలో ఇలా పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒకటో నంబరుగా ఇనిట్ పని తెలిసిన చిన్న ప్రోగ్రామును పెట్టడం దీనికి మందు. 2015లో వచ్చిన 'టైనీ' అలాంటిది. 2017 జనవరిలో డాకర్ 1.13 దాన్నే తనలో కలుపుకుంది.

ఇంతవరకు ఒక ప్రాసెస్ ఏం చూడగలదన్న సంగతి. ఏ ప్రాసెస్ ఏ గుంపుదో తెలిసేదెలా? ఈ ప్రశ్నకు జవాబులో బెంగళూరు వస్తుంది. గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ 2006లో ప్రాసెస్‌లను గుంపులు కట్టే పని మొదలుపెట్టారు. మొదట దాని పేరు ప్రాసెస్ కంటైనర్లు. కంటైనర్ అనే మాట అప్పటికే చాలా చేతుల్లో పడిందని 2007లో కంట్రోల్ గ్రూపులని మార్చారు. అదీ 2.6.24లోనే చేరింది. గుంపు కట్టడం ఒక ఎత్తు, గుంపుకు ఇంత సీపీయూ ఇంత మెమరీ అని పంచిపెట్టడం ఇంకో ఎత్తు. ఆ పంపకం పనిలో ఐబీఎం బెంగళూరు లినక్స్ టెక్నాలజీ సెంటర్ వాళ్ళు ముందున్నారు. షెడ్యూలర్ ఫైలు మొదట్లో గుంపుల మధ్య సీపీయూ పంచే మార్పులు 2007లో శ్రీవత్స వడ్డగిరి చేశారని రాసి ఉంటుంది. మెమరీ లెక్క చూసే ఫైలు మొదట్లో బల్బీర్ సింగ్ పేరు, దాని కింద మళ్ళీ పావెల్ ఎమెల్యానోవ్ పేరు. మెమరీ భాగం 2008 ఏప్రిల్‌లో, 2.6.25తో వచ్చింది. 2007 ఒట్టావా లినక్స్ సింపోజియంలో ఈ మెమరీ పంపకం చిక్కుల మీద బల్బీర్ సింగ్, వైద్యనాథన్ శ్రీనివాసన్ పత్రం సమర్పించారు. ఒక పేజీని రెండు గుంపులు వాడుతుంటే దాని లెక్క ఎవరి ఖాతాలో వేయాలి అన్నలాంటి ప్రశ్నలు. ఎలక్ట్రానిక్ సిటీ పెద్ద పెద్ద గాజు భవనాల గురించి ఎన్నో వ్యాసాలొచ్చాయి గానీ, బెంగళూరులో కూర్చుని ప్రపంచంలోని లినక్స్ సర్వర్ల లెక్కలు రాసిన ఈ కొద్దిమంది గురించి తెలుగులో నాకు ఏదీ కనపడలేదు.

కంట్రోల్ గ్రూపు కూడా ఒక డైరెక్టరీయే. దాని లోపల ఒక ఫైలు తెరిస్తే ఆ గుంపులోని ప్రాసెస్‌ల నంబర్లు వరసకు ఒకటి చొప్పున ఉంటాయి. కిలియన్ 1984లో వేసిన బాటే ఇది, చూడదలచుకున్నదాన్ని ఫైలుగా పెట్టెయ్యి అని. 'డాకర్ టాప్' నిలబడింది ఈ ఫైలు మీదే.

డాకర్ బయటి ప్రపంచానికి కనపడింది 2013 మార్చిలో. శాంటా క్లారాలో జరిగిన పైకాన్ సభలో డాట్‌క్లౌడ్ సంస్థ సాలొమన్ హైక్స్ అయిదు నిమిషాల్లో చూపించారు. అప్పటికి అది ఎల్ఎక్స్‌సీ అనే పనిముట్ల మీద ఆధారపడి నడిచేది. అదే ఏడాది జులైలో వచ్చిన 0.5.0తో 'డాకర్ టాప్' చేరింది. మొదటి రూపంలో దాని తెలివి పెద్దగా లేదు. 'ఎల్ఎక్స్‌సీ పీఎస్' అనే స్క్రిప్టును పిలిచి, అది ఇచ్చిన జాబితాను మనకు అందించేది. 2014 మార్చిలో 0.9తో డాకర్ ఎల్ఎక్స్‌సీని పక్కనపెట్టి సొంత లిబ్‌కంటైనర్‌కు మారింది. ఇక ఆ స్క్రిప్టు మీద ఆధారపడే వీల్లేదు.

తర్వాత వచ్చిన పద్ధతే ఇప్పటికీ ఉంది. ఇంత సూటిగా ఉంటుందని ఊహించని పద్ధతి అది. డాకర్ ముందు ఆ కంటైనర్ కంట్రోల్ గ్రూపులో ఉన్న నంబర్లన్నీ తీసుకుంటుంది. తర్వాత హోస్ట్ మీదే, అందరిలాగే, మామూలు పీఎస్ నడుపుతుంది. వచ్చిన జాబితా మొదటి వరసలో 'పిడ్' అన్న శీర్షిక ఎన్నో నిలువు వరసలో ఉందో వెతుకుతుంది. ఒక్కో వరసలో ఆ చోటున్న అంకె తన దగ్గరున్న నంబర్లలో ఉందా అని చూసి, ఉన్నవాటిని మాత్రం మనకు చూపిస్తుంది. అంతే. కంటైనర్ లోపలికి అడుగే పెట్టదు. బయటివాడికి లోపలివన్నీ కనపడతాయి కాబట్టి పెట్టాల్సిన పని లేదు.

ఈ తీరు తెలిస్తే దాని వింతలన్నీ అర్థమవుతాయి. పీఎస్‌కు మనం సొంత ఆప్షన్లు ఇచ్చి, అందులో పిడ్ నిలువు వరస లేకుండా చేస్తే 'డాకర్ టాప్' మొండికేస్తుంది, గుర్తుపట్టే అంకె లేదు మరి. అది చూపే నంబర్లు హోస్ట్ నంబర్లు. లోపల ఒకటో నంబరుగా ఉన్న ఎంజిన్‌ఎక్స్ ఇక్కడ ఏ 4312గానో కనపడుతుంది. యూజర్ పేర్ల దగ్గర ఇంకా సరదా. లోపల 999 నంబరుతో నడిచే మైసీక్వెల్, హోస్ట్‌లో 999 ఎవరి పేరు మీద ఉంటే ఆ పేరుతో కనపడుతుంది. తనకు సంబంధమే లేని ఏదో సిస్టమ్ యూజర్ తన డేటాబేస్ నడుపుతున్నాడని చూసి, సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారని అర్ధరాత్రి ఫోన్లు చేసేవాళ్ళున్నారు. పీఎస్ హోస్ట్‌లో నడిచింది కాబట్టి హోస్ట్ పాస్‌వర్డు ఫైలులోని పేరే చెప్పింది. అంతకు మించి భయపడాల్సిందేమీ లేదు.

పేర్లు పెట్టడంలో డాకర్ వాళ్ళు కాస్త ఆలోచించాల్సింది. 'డాకర్ పీఎస్' చూపేది ప్రాసెస్‌లు కాదు, కంటైనర్లు. 'డాకర్ టాప్' ఏమో 1984 నుంచి ఉన్న టాప్‌లా కదులుతూ ఉండదు, పీఎస్‌లా ఒక్కసారి చూపి ఆగుతుంది. కదులుతూ సీపీయూ, మెమరీ చూపే 'డాకర్ స్టాట్స్' 2015లో 1.5తో వచ్చింది.

లోపలి నంబర్లే కావాలంటే లోపలికే వెళ్ళాలి. నడుస్తున్న ప్రాసెస్ వేరే నేమ్‌స్పేస్‌లో చేరే 'సెట్‌ఎన్ఎస్' సిస్టమ్ కాల్ కెర్నెల్ 3.0తో 2011లో వచ్చినా, పిడ్ నేమ్‌స్పేస్‌కు అది పనిచేసింది 2013 ఫిబ్రవరి నాటి 3.8లోనే. దాని మీద 'ఎన్ఎస్‌ఎంటర్' కమాండు, 2014 అక్టోబరులో డాకర్ 1.3తో 'డాకర్ ఎగ్జెక్' వచ్చాయి. అప్పటివరకు కంటైనర్ లోపల ఒక ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పెట్టి దాని గుండా వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

లోపలికి వెళ్ళాక ఇంకో దెబ్బ. పీఎస్ కొడితే అలాంటి కమాండే లేదంటుంది. ఇమేజ్ చిన్నగా ఉండాలని డెబియన్ సన్నపాటి ఇమేజ్‌లలో పీఎస్ ఉండే ప్యాకేజీ పెట్టరు. డిస్ట్రోలెస్ ఇమేజ్‌లలో షెల్ కూడా ఉండదు. షెల్ ఉన్నచోట పీఎస్ లేకపోయినా పని ఆగదు. 'ప్రాక్'లోకి వెళ్ళి అంకెల డైరెక్టరీలు చూసుకుంటూ, ఒక్కోదానిలో 'సీఎండీలైన్' ఫైలు చదువుకుంటే సరి, పీఎస్ చేసేదీ అదే కదా. ఆ ఫైలులో మాటల మధ్య ఖాళీలకు బదులు సున్నా బైట్లుంటాయి, అన్నీ అతుక్కుపోయి కనపడితే కంగారుపడొద్దు. మెమరీ ఎంతుందో చెప్పే ఫైలును మాత్రం లోపలి నుంచి నమ్మకండి. దానికి నేమ్‌స్పేస్ లేదు. కంటైనర్‌కు 512 ఎంబీ ఇచ్చినా హోస్ట్‌లోని 64 జీబీ చూపిస్తుంది.

రెండు నంబర్లకూ పొంతన కుదుర్చుకోవడం చాలాకాలం ఊహాగానమే. 2015లో కెర్నెల్ 4.1 'స్టేటస్' ఫైలులో 'ఎన్ఎస్‌పిడ్' అనే వరసను చేర్చింది. హోస్ట్ నుంచి 4312 స్టేటస్ చదివితే 4312, దాని పక్కనే 1. డాకర్‌లాంటిదే మరో పనిముట్టు, పాడ్‌మన్ వాళ్ళు ఈ సంగతిని బాగా వాడుకున్నారు. 'పాడ్‌మన్ టాప్'ను అడిగితే లోపలి నంబరు, హోస్ట్ నంబరు రెండూ పక్కపక్కన చూపుతుంది. డాకర్ వాళ్ళు ఇన్నేళ్ళయినా ఇది చేయకపోవడం బద్ధకమనే అంటాను.

చాలా యంత్రాల మీద కంటైనర్లను నడిపించే కుబర్నెటిస్ వచ్చాక కథ మళ్ళీ కొంత వెనక్కి తిరిగింది. అక్కడ హోస్ట్ మీదకు వెళ్ళే అనుమతి చాలామందికి ఉండదు, కాబట్టి పై నుంచి చూసే దారి మూసుకుపోయినట్టే. 'క్యూబ్‌సీటీఎల్ టాప్' సీపీయూ, మెమరీ చెబుతుంది తప్ప ప్రాసెస్‌లు చూపదు. అందుకే 'క్యూబ్‌సీటీఎల్ డీబగ్' వచ్చింది, అది వాడుకునే తాత్కాలిక కంటైనర్ల సదుపాయం 2022 ఆగస్టులో కుబర్నెటిస్ 1.25తో పక్కా అయింది. ఈ కమాండు నడుస్తున్న పాడ్‌లోకి, అంటే కలిసి నడిచే కంటైనర్ల గుంపులోకి, పనిముట్లున్న ఇంకో కంటైనర్‌ను తాత్కాలికంగా దింపి, కావలసిన కంటైనర్ పిడ్ నేమ్‌స్పేస్‌లో చేరుస్తుంది. అప్పుడు పీఎస్ ఈ కంటైనర్‌ది, కనపడే ప్రాసెస్‌లు ఆ కంటైనర్‌వి. దీనికి ముందే ఒక పాడ్‌లోని కంటైనర్లన్నీ ఒకే నంబర్ల వరసను పంచుకునేలా పెట్టుకునే వీలూ వచ్చింది. అలా పెట్టుకుంటే ఒకటో నంబరు మన ప్రోగ్రాముది కాదు, 'పాజ్' అనే చిన్న ప్రాసెస్‌ది. ఒకటో నంబరుకే రీలోడ్ సిగ్నల్ పంపాలని రాసుకున్న పాత స్క్రిప్టులన్నీ ఆ క్షణంలో పాజ్‌ను తట్టి ఊరుకుంటాయి. అంతకంటే పట్టించుకోవాల్సింది ఇంకోటుంది. పక్క కంటైనర్ ప్రాసెస్ కనపడిందంటే, అనుమతులు కుదిరితే 'ప్రాక్'లో దాని ఎన్విరాన్‌మెంట్ కూడా కనపడుతుంది. డేటాబేస్ పాస్‌వర్డులు చాలామంది పెట్టుకునేది అక్కడే.